సీసాకు చుట్టిన కాగితం

వీలాక్ మిల్స్, న్యూయార్క్ రాష్ట్రం
1828 మార్చి 9

ఒరేయ్ లెమ్,

నీ పత్రిక పోయినేటి నాలుగు సంచికలూ మొన్న బండి మీద ఒకేసారి చేరాయి. పుటలు కోయకుండా అలాగే మడతలతో పంపించేస్తారేమిట్రా మీ ఫిలడెల్ఫియా వాళ్ళు? రొట్టెల కత్తి తీసుకుని కూర్చుని ఒక్కో మడతా కోసేసరికి నా పొద్దంతా పోయింది. "వైద్య పరిశీలన" అని పేరు పెట్టావు, బాగానే ఉంది. మీ బావ మూడు పేజీలు చదివి కుర్చీలోనే గుర్రు పెట్టాడు. నిద్ర పట్టనివాళ్ళకి మందుగా అమ్ముకో, నాలుగు చేతులా పోతుంది.

మీ బావ పోస్టు మాస్టరు కాబట్టి మన బతుకు బాగుంది. ఆయన మూలన సంతకం గీకితే చాలు, మన ఉత్తరాలు ఊరికే వెళ్తాయి, ఊరికే వస్తాయి. అదే లేకపోతే నీ చాదస్తం చదవడానికి నేను కోళ్ళన్నీ అమ్ముకోవాల్సి వచ్చేది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. లోయిస్‌కి ఎడమ చెవి కింద కణితి లేచింది. పావురం గుడ్డంత ఉంది. నొప్పి లేదంటుంది గానీ జుట్టు ముందుకు దువ్వుకుని దాన్ని దాచుకుంటోంది. డాక్టర్ కార్లిస్ వచ్చి నొక్కి చూసి గండమాల అన్నాడు. కాలొమెల్ ఇస్తానన్నాడు. ఆ పాదరసపు పొడి ఎలాంటిదో నేను చూశాను. మిల్లు వాళ్ళావిడ హెప్సీకి అదే ఇచ్చి మొన్నటి చలికాలం రెండు పళ్ళు రాలగొట్టాడు. పదకొండేళ్ళ పిల్ల, ప్రార్థనా మందిరంలో దాని గొంతు విని పక్క ఊరి వాళ్ళు కూడా బళ్ళు కట్టుకుని వస్తున్నారు. దాని నోట్లో ఆ పొడి పోయనివ్వడానికి నాకు చేతులు రావడం లేదు.

ఇంకో మాట. మన ముందు గదిలో పోస్టాఫీసు బల్ల పక్కనే వార్నమ్ వనమూలికా పానకం సీసాలు ఉంటాయని నీకు తెలుసుగా. ఈ దారిలో పోస్టు మాస్టర్లందరికీ ఆ ఏజెన్సీ ఉంది. మొన్న కొత్త పెట్టె విప్పి సీసా మీద అంటించిన కాగితం చదువుతున్నాను. "పాదరసం ఒక్క రేణువు కూడా లేదు" అని పైన పెద్ద అక్షరాలు. కింద ప్రొఫెసర్ల పేర్లు రెండు. మూడో పేరు చూసి కళ్ళు నులుముకున్నాను. "నా రోగుల్లో ఇద్దరికి ఈ పానకం వల్ల గండమాల పూర్తిగా నయమైంది. డాక్టర్ ఎల్. థాకర్, ఫిలడెల్ఫియా." ఇంత గొప్ప ముచ్చట అక్కకి ఎందుకు చెప్పలేదురా? మీ బావ ఉత్తరాల కోసం వచ్చినవాళ్ళందరికీ వేలు పెట్టి చూపిస్తున్నాడు. "చూశారా, మా బామ్మర్ది" అని.

పిల్లకి అది పొయ్యమంటావా? ఒక్క ముక్క రాయి.

అక్క,
కెజయా

*

ఫిలడెల్ఫియా
మార్చి 30

అక్కా,

రొట్టెల కత్తి పడ్డ మొదటి పత్రిక దేశంలో నాదే అయ్యుంటుంది. బావ నిద్రకి నా నమస్కారాలు చెప్పు. ఇక్కడ చందాదారుల్లో చాలామంది అంత శ్రమ కూడా పడటం లేదు.

నా పాట్లు వింటే నవ్వుతావు. మా ముద్రాపకుడు రట్టర్ మంచివాడే. కానీ అతని కొట్టులో ఒక పక్క సిరా, పంచాంగాలు, ఇంకో పక్క మాత్రలు, తైలాలు, పానకాలు వరసగా పెట్టి ఉంటాయి. ఈ ఊళ్ళో ముద్రాపకులందరికీ అదే అలవాటు. రహస్య మందుల మీద నేను నిప్పులు కక్కిన ఫారాలు, అదే, పేజీలు అచ్చుపడిన పెద్ద కాగితాలు, తాడు మీద ఆరుతుంటే, వాటి పక్కనే అదే తాడు మీద ఆ మందుల సీసాల కాగితాలూ ఆరుతుంటాయి. అక్షరాలు కూడా ఒకే పెట్టెలోవి. మేము ఏడు వందలు వేస్తే నాలుగు వందలు పోతాయి. మిగిలినవీ, అచ్చుతప్పులు పడినవీ రట్టర్ చిత్తుకాగితం కింద పక్క వీధి వార్నమ్ కార్ఖానాకి తోసేస్తాడు. సీసాలు పగలకుండా చుట్టుకుంటారట. మొత్తానికి నా రాతలు దేన్నో ఒకదాన్ని కాపాడుతున్నాయి.

లోయిస్ సంగతి చదివి బెంగ పడ్డాను. కార్లిస్‌ని దగ్గరికి రానీయకు. సముద్రపు స్పంజి కాల్చి, ఆ బూడిద చిటికెడు చెరకుపాకంలో కలిపి రోజుకి రెండుసార్లు ఇవ్వు. ఇక్కడినుంచి కొంచెం పంపిస్తున్నాను. పాలు బాగా తాగించు, ఎండలో తిప్పు, మెడకి ఉన్నిగుడ్డ చుట్టు. గండమాల పిల్లల్లో చాలావరకు నెమ్మది మీద తగ్గుతుంది. తొందరపడకు.

ఆ సీసా మీది కాగితం పాత ముచ్చట. దాన్ని పెద్దగా పట్టించుకోకు.

తమ్ముడు,
లెమ్యుయెల్

*

వీలాక్ మిల్స్
జూన్ 15

ఒరేయ్ లెమ్,

శుభవార్త. పిల్ల కణితి కరిగిపోయింది. తడిమితే బఠాణీ గింజంత తగులుతుంది, అంతే. జుట్టు మళ్ళీ వెనక్కి వేసుకుంటోంది.

నువ్వు పంపిన స్పంజి బూడిద మొదలుపెట్టాం. పిల్ల మొహం చిట్లించుకుంటూ మింగింది. ఎలా తగ్గింది, ఏం చేశాం అన్నది అంతా పూర్తిగా నయమయ్యాక తీరిగ్గా చెప్తాను. అప్పుడు నువ్వే ముక్కున వేలేసుకుంటావు. మీ బావ ఇప్పుడే రాసెయ్యమన్నాడు. నేనే ఆగమన్నాను. ఇంట్లో ఒక చిన్న రహస్యం ఉంచుకునే హక్కు అక్కకి లేదా?

పోయిన ఆదివారం మందిరంలో లోయిస్ ఒక్కతే నిలబడి పాడింది. గాయకుల గురువు శ్రుతి కోసం పిచ్ పైపు ఊదాడు, మిగతావాళ్ళు ఆగారు, ఇది అందుకుంది. హెప్సీ నా మోచెయ్యి పొడిచి, "ఏం పెట్టావే దీనికి, గొంతు ఇంకా నున్నబడింది" అంది. "దాని మేనమామ పుణ్యం" అన్నాను. అబద్ధం కాదుగా.

అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్ళు. దగ్గొస్తే నా ఒళ్ళో కూర్చోపెట్టుకుని ఉల్లిపాయ కషాయం పట్టించేదాన్ని. ఉమ్మేసేవాడివి. ఇప్పుడు నా కూతురు నీ మాట మీద బతుకుతోంది. ఇది నాకు ఎంత సంతోషమో నీకు రాయలేను.

అక్క,
కెజయా

*

ఫిలడెల్ఫియా
సెప్టెంబరు 2

అక్కా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని రెండు నెలలుగా తిరుగుతున్నాను. కనబడిన ప్రతి డాక్టరుకీ చెప్పాను. స్పంజి బూడిదకి అంత గుణం ఉందని మా వాళ్ళే నమ్మరు.

ఒక పని చేశాను, తిట్టకు. లోయిస్ ఉదంతం అక్టోబరు సంచికకి రాసేశాను. "ఎల్. అనే పదకొండేళ్ళ బాలిక, గండమాల, కాల్చిన స్పంజితో సంపూర్ణ స్వస్థత." నాలుగు పేజీలు వచ్చింది. మూడేళ్ళుగా ఊరివాళ్ళ వ్యాసాలన్నీ దిద్ది అచ్చు వేస్తున్నాను గానీ, చెప్పుకోదగ్గ రోగి నాకంటూ ఒక్కరూ లేరు. ఇప్పుడు నా పేరు కింద, నా మేనకోడలే. ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టరులే, పేరులో ఒక్క అక్షరమే వేశాను.

ఇంకో సంగతి. రహస్య మందుల్లో ఏముందో పరీక్షించడానికి ఇక్కడి వైద్యులు ఒక సంఘం వేశారు. నేనే కార్యదర్శిని. వార్నమ్ పానకం కూడా చూస్తున్నాం. ఇంకా ఏమీ తేలలేదు. అయినా బావని ఆ సీసాలు అమ్మడం కాస్త తగ్గించమను. ఊరికే, ముందుజాగ్రత్తకి.

అక్టోబరు సంచిక కొంచెం ఆలస్యం కావచ్చు. రాగానే పంపిస్తాను.

తమ్ముడు,
లెమ్యుయెల్

*

వీలాక్ మిల్స్
అక్టోబరు 26

లెమ్,

నువ్వు రాసిన నాలుగు పేజీలు అచ్చయిపోయాయా? ఇంకా కాకపోతే ఆపడానికి వీలవుతుందా? ఊరికే అడుగుతున్నాను.

లోయిస్‌కి పది రోజులుగా నోరు బాగోలేదు. చిగుళ్ళు ఉబ్బి నీలంగా అయ్యాయి, ముట్టుకుంటే రక్తం. తెల్లారేసరికి దిండు సగం చొంగతో తడిసిపోతోంది. దగ్గరికి వెళ్తే వాసన. పిల్లకి ఆ వాసన తెలుస్తోంది, అందుకే మాట్లాడేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. కింద దవడలో రెండు పళ్ళు కదులుతున్నాయి. స్పంజి బూడిద వల్ల ఇలా అవుతుందా? నీ పుస్తకాల్లో ఎక్కడైనా ఉందా?

వాడుతున్నది ఆపలేదు. నయం చేసిన దాన్ని మధ్యలో ఆపితే మళ్ళీ తిరగబెడుతుందని మీ బావ భయం. నాకూ అదే భయం. నిన్నటినుంచి కొంచెం ఎక్కువే ఇస్తున్నాం.

కార్లిస్‌ని పిలవలేదు. నువ్వే వద్దన్నావుగా. ఏం చెయ్యాలో తొందరగా రాయి. గుమ్మంలో బండి చప్పుడైతే చాలు, పిండి చేతులతోనే వస్తున్నాను.

కెజయా

*

ఫిలడెల్ఫియా
నవంబరు 22

అక్కా,

నీ ఉత్తరం నాకు నవంబరు ఆరున అందింది. పదహారు రోజులు నా బల్ల సొరుగులో ఉంది. రోజూ కలం పట్టుకుని రోజూ కింద పెట్టాను. ఇది చదివాక నన్ను ఏమన్నా అను, ముందు మాత్రం ఈ ఒక్క పని చెయ్యి. లోయిస్‌కి వార్నమ్ పానకం ఇస్తున్నట్టయితే ఈ క్షణమే ఆపు. ఇవ్వడం లేదని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. నువ్వు రాసిన చిగుళ్ళు, చొంగ, వాసన, ఇవి స్పంజివి కావు. చదివిన ప్రతి డాక్టరుకీ తెలుసు. పాదరసంవి.

ఆ పానకంలో పాదరసం ఉంది. కాలొమెల్ కంటే ఘోరమైన రకం. జూలై నుంచి మాకు అనుమానం. సెప్టెంబరు మూడో వారంలో సంఘం ముందు ఒక సీసా విప్పి అందులో రాగి సెంటు నాణెం వేశాం. మధ్యాహ్నం వేస్తే సాయంత్రానికి వెండి నాణెంలా తెల్లబడింది. అందరం వంగి చూశాం.

ఆ కాగితం మీది నా మాట సంగతి చెప్తాను. నాలుగేళ్ళ కిందట నా దగ్గర రోగులు లేరు, పేరు లేదు. వార్నమ్ మనిషి రెండు సీసాలు తెచ్చి వాడి చూడమన్నాడు. వాడాను. ఇద్దరికి తగ్గినట్టే కనబడింది. రెండు వాక్యాలు రాసి ఇచ్చాను. ఒక్క పైసా తీసుకోలేదు. ఇద్దరు ప్రొఫెసర్ల కింద నా పేరు అచ్చులో చూసుకోవడమే నాకు పండగయింది. ఆ రెండు వాక్యాలు ఎన్ని ఊళ్ళు తిరుగుతున్నాయో ఆ తర్వాత నేను ఆలోచించలేదు. ఆ ఇద్దరు రోగులు తర్వాత ఏమయ్యారో కూడా వెతకలేదు.

మార్చిలో నువ్వు ఒక్క ముక్క రాయమన్నావు. వద్దు అని రాయాల్సింది. ఎందుకు వద్దు అని నువ్వు అడుగుతావు, అప్పుడు ఇదంతా చెప్పాలి. మొహం చెల్లలేదు.

అక్టోబరు సంచికలో నిజం రాశాను, నా పేరుతో సహా. రట్టర్ ఆ ఫారం మొత్తం అచ్చు వేశాడు. సంఘంలో పెద్దలు చూసి, "నీ పేరు, ఆ ప్రొఫెసర్ల పేర్లు బయట పెడితే వైద్యవృత్తి పరువేం కావాలి, తీసెయ్యి" అన్నారు. తీసేశాను. ఆ ఫారాలన్నీ పక్కన పడేసి, పేర్లు లేకుండా మళ్ళీ వేయించాను. ఇప్పుడు బయటికి వెళ్ళినదాంట్లో "కొందరు వైద్యులు పూర్వం పొరపాటుపడ్డారు" అని ఒక్క వాక్యం ఉంది. లోయిస్ ఉదంతం మాత్రం అలాగే ఉంది. నీకు ఆ సంచిక కావాలనే పంపలేదు.

పానకం ఆపి, బార్లీ నీళ్ళతో నోరు కడిగించు. మెత్తటి జావ, పాలు. కార్లిస్‌ని పిలు. ఆయన చేతిలో నాకంటే ఎక్కువ ఉంది ఇప్పుడు.

లెమ్యుయెల్

*

వీలాక్ మిల్స్
నవంబరు 24

డాక్టర్ థాకర్ గారికి,

కాలువ గడ్డకట్టేలోగా వచ్చే ఆఖరి పడవ నిన్న వచ్చింది. వార్నమ్ వారి పెట్టె దిగింది. లోయిస్ సీసా అయిపోయింది కాబట్టి గబగబా మూత ఊడగొట్టాను. ఒక్కో సీసాకీ ఒక్కో అచ్చు కాగితం చుట్టి ఉంది, మీరు చెప్పిన చిత్తు. మొదటిది విప్పి పొయ్యిలో వెయ్యబోతుంటే మా ఇంటిపేరు కనబడింది. నేను పుట్టిన ఇంటి పేరు.

కాగితాన్ని బల్ల మీద పరిచి ఇస్త్రీపెట్టెతో మడతలు తీశాను. ఒక పక్క లోయిస్ ఉంది. సంపూర్ణ స్వస్థత అట. కాగితం తిప్పాను. "ఈ పానకంలో పాదరసం ఉన్నదనీ, దీనిని మెచ్చుకుంటూ నేను ఇచ్చిన యోగ్యతాపత్రం అజ్ఞానం వల్లా, పేరు మీది ఆశ వల్లా ఇచ్చినదనీ, దానిని నమ్మి ఎవరైనా వాడితే ఆ పాపం నాదనీ ఒప్పుకుంటున్నాను. లెమ్యుయెల్ థాకర్." మూడుసార్లు చదివాను. ఆ కాగితంలో మీరు రాసిన పరీక్ష ప్రకారమే మీ బావ చేతిలోంచి సెంటు నాణెం లాక్కుని పానకంలో వేశాను. ఈ పూట తీస్తే తెల్లగా ఉంది. మా ఆయన దాన్ని గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు, పోతుందేమో అని. పోలేదు.

నేను దాచింది కూడా చెప్పేస్తాను, లెక్క సరిపోతుంది. మీ స్పంజి బూడిద పన్నెండు రోజులు ఇచ్చాం. పిల్ల ప్రతిసారీ కక్కుకుంది. పానకం పొయ్యనా అని అడిగితే మీరు అవుననలేదు, కాదనలేదు. మా ఆయన అసాహెల్ అన్నాడు, "ఉత్తరంలో చెప్పకపోతే ఏం, సీసా మీద చెప్పాడుగా. ఊరందరికీ చెప్పినవాడు మనకి వేరేగా చెప్పాలా?" ఏప్రిల్ నుంచి పానకం ఇచ్చాం. కణితి కరిగింది. మీ మాట ఎంత గొప్పదో మీకే చూపించి మురిపించాలనుకున్నాను. ఈలోగా మీరు స్పంజి గురించి రాసేశారు. ఇంక నిజం చెబితే మిమ్మల్ని పదిమందిలో అబద్ధాలకోరుని చేసినట్టవుతుందని నోరు మూసుకున్నాను. మీ పరువు కోసం పిల్ల నోటి గురించి సగమే రాశాను.

ఉదయం కార్లిస్ వచ్చాడు. నోట్లోకి చూసి, "ఎన్ని నెలలనుంచి పోస్తున్నారు?" అన్నాడు. చెప్పాను. ఆయన కుర్చీలో కూర్చుని టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు. "నేను చిటికెడు ఇస్తానంటే విషం అన్నావమ్మా" అన్నాడు. గట్టిగా అనలేదు. తిడితే బాగుండేది. దవడ ఎముక నల్లబడింది, కొంత తీసేయాలన్నాడు. మీరందరూ కలిసి దీనికి ఇవ్వగలిగింది ఆ ఒక్కటేనా? ఒకాయన చెప్పి ఇస్తాడు, ఒకాయన చెప్పకుండా ఇస్తాడు, తేడా అంతేనా? మరి పాదరసం లేని మందు ఏది? నేను ఎవరి గుమ్మం ముందు నిలబడాలి?

పిల్ల పక్క గదిలో ఉంది. ఏమీ అడగడం లేదు. అడగడానికి నోరు తెరవలేదు.

కెజయా ప్రిండిల్

*

ఫిలడెల్ఫియా
1829 జనవరి 11

అక్కా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. ఆ తర్వాత నేను రాసిన రెండింటికీ నీ జవాబు లేదు. బావ నాలుగు వరసలు రాశాడు. ఎముక తీశారనీ, నాలుగు పళ్ళు పోయాయనీ, ప్రాణానికి భయం లేదనీ, మాట స్పష్టంగా రాదనీ. కింద ఎప్పటిలాగే ఆయన సంతకం. ఆ కాగితం ముందు పెట్టుకుని పిల్లాడిలా ఏడ్చాను. నీకు చెప్పుకోకపోతే ఇంకెవరికి చెప్పుకోను?

వార్నమ్ దగ్గరికి వెళ్ళాను. కొడతాడేమో, గెంటేస్తాడేమో అనుకున్నాను. కుర్చీ వేసి, తాగడానికి సైడరు ఇప్పించాడు.

"మీ పేరు తీసెయ్యమంటారు, అంతేగా డాక్టరుగారూ?" అన్నాడు.

"పానకమే ఆపమంటున్నాను. నా మేనకోడలి దవడ పోయింది."

"అయ్యో పాపం. కానీ గండమాల తగ్గిందా లేదా?"

తగ్గింది కదా అక్కా. ఏం చెప్పను?

"మీ పేరు తీసేస్తాను లెండి. నా దగ్గర ఇంకా ముప్ఫై పేర్లున్నాయి" అన్నాడు. గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

వార్తాపత్రికల వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. దాదాపు ఎవరూ ఒప్పుకోలేదు. ఏడుగురిలో ఏడుగురి కొట్టుల్లోనూ ఆ సీసాలున్నాయి. ఒకతను మాత్రం సరేనని నా వ్యాసం వేసి, జాగా చాలలేదని కింది సగం కోసేశాడు. మిగిలిన పై సగంలో ఆ పానకానికి ఎంత పేరుందో ఉంది. విషం సంగతి కింద ఉండేది.

ఇంకొకటి ఉంది. చెప్పకుండా ఉందామనుకున్నాను, కానీ దాచడం ఇంక చేతకాదు. లోయిస్ ఉదంతాన్ని బోస్టన్ పత్రిక ఎత్తి వేసుకుంది. దాంట్లోంచి కెంటకీ పత్రిక. మా వృత్తిలో ఒకరివి ఒకరు ఊరికే ఎత్తుకుని వేసుకుంటారు, అదొక మర్యాద. తప్పు దిద్దమని ఇద్దరికీ రాశాను. ఏడాది సంపుటం కుట్టేశాం, విషయసూచిక కూడా అచ్చయిపోయింది అన్నారు. నీ కూతురికి దేశమంతటా ఊరి తరవాత ఊళ్ళో నయమవుతూనే ఉంది, నేను ఆపలేకపోతున్నాను.

ఏప్రిల్ సంచికలో జరిగింది జరిగినట్టు రాయాలని ఉంది. సంఘం ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే కార్యదర్శి పని వదిలేస్తాను. కానీ లోయిస్ నోటి గురించి మళ్ళీ నా ఇష్టం వచ్చినట్టు రాసే హక్కు నాకు లేదు. నువ్వు రాయమంటేనే రాస్తాను. వద్దంటే ఈ కలం ఇంక ఆ సంగతి ఎత్తదు. ఒక్క ముక్క రాయి. ఆ మాట నీదే.

తమ్ముడు అనిపించుకునే అర్హత ఉందో లేదో తెలియని
లెమ్యుయెల్

*

వీలాక్ మిల్స్
మార్చి 8

మామయ్యకి,

నేను లోయిస్‌ని. అమ్మ రాయదు. నీ ఉత్తరాలు చదువుతుంది, చదివి మళ్ళీ మడిచి ఇస్త్రీపెట్టె కింద పెడుతుంది. నాలుగు ఉన్నాయి అక్కడ. నేను మాట్లాడితే అమ్మకి, నాన్నకి తప్ప ఎవరికీ అర్థం కావడం లేదు. అందుకని పలక పట్టుకుని తిరుగుతున్నాను. నా దస్తూరి బాగుపడిందని బళ్ళో పంతులమ్మ అంది. ఇంతకన్నా ఏం అనాలో ఆమెకి తెలియలేదనుకుంటా.

జావ తాగుతున్నాను. కుడిపక్కనుంచి తాగితే కారదు. మేపుల్ చెట్ల తియ్యటి రసం కాచే రోజులు వచ్చాయి. మంచు మీద పోసిన పాకం నమలలేను, చప్పరిస్తాను. ఆదివారం మందిరంలో నా పాత చోట్లోనే కూర్చుంటాను. పక్కనున్న అమ్మాయికి పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతాను. నా వంతు వచ్చే చోట ఇప్పటికీ పాడటానికి ఊపిరి తీసుకోబోతాను. అప్పుడు చాలా ఏడుపు వస్తుంది.

నాన్న పానకం ఏజెన్సీ వదిలేశాడు. సీసాలన్నీ పెరట్లో గొయ్యి తీసి పారబోశాడు. మర్నాడే దారికి అవతల సత్రం ఆయన తీసుకున్నాడు ఏజెన్సీ. హెప్సీ అత్త ఇప్పుడు అక్కడ కొంటోంది. అమ్మ ఆమెని పిలిచి, ఇస్త్రీ చేసిన నీ కాగితం మొత్తం చదివి వినిపించింది. నన్ను చూపించింది. హెప్సీ అత్త ఏడ్చింది. ఏడ్చి, "పాపం దీనికి పడలేదు. అందరికీ ఒకేలా పడుతుందా? అయినా డాక్టర్ల పుస్తకంలోనే ఆ పానకం పేరు వేశారంటే మాటలా కెజయా?" అంది. అమ్మ ఇంక ఎవరికీ చదవడం లేదు.

నీ పుస్తకంలో నాకు నయమైపోయిన పేజీ నా దగ్గర ఉంది. అమ్మ కాల్చేస్తానంది, ఇవ్వలేదు. ఒక్కోసారి చదువుకుంటాను. ఆ ఎల్. అనే అమ్మాయి మీద నాకు కోపం వస్తుంది. మళ్ళీ ఆమె బాగుండటమే బాగుందనిపిస్తుంది.

రాయమంటావా అని అమ్మని అడిగావు. రాయి. ఎల్. అని వద్దు. లోయిస్ ప్రిండిల్ అని మొత్తం పేరు వెయ్యి, ఊరి పేరు కూడా. పాడేదాన్నని రాయి. నీ పేరు తియ్యకు. సంఘం వాళ్ళు తియ్యమంటారు, నాకు తెలుసు.

పోయినసారి వాళ్ళు పారేయమన్న కాగితమే మా ఇంటికి వచ్చింది. పుస్తకంగా కుట్టింది రాలేదు. కుట్టింది వచ్చినా మా ఊళ్ళో ఎవరూ పుటలు కొయ్యరు. అందుకని రట్టర్ గారితో చెప్పి ఆ ఫారాలు చాలా ఎక్కువ వేయించు. వేశాక అచ్చుతప్పులు పడ్డాయని చెప్పి వార్నమ్ కార్ఖానాకి పోయే చిత్తులో వేసెయ్యి.

ఈ ఉత్తరం అమ్మ చదివింది. తనే తీసుకెళ్ళి నాన్న ముందు పెట్టి సంతకం చేయించింది.

మెత్తటి కాగితం మీద అచ్చు వేయించు మామయ్యా. సీసాకి బాగా చుట్టుకుంటుంది.

లోయిస్